నోటిమాట, అచ్చుమాట

తెలుగులోని ‘పుకారు’ హిందుస్తానీ ‘పుకార్’ నుండి వచ్చిన మాట. హిందీలో దానికి పిలుపు అని, ఎలుగెత్తి వేసే కేక అని అర్థం. ఆపదలో ఉన్నవాడు పెట్టే మొర పుకార్. భక్తుడు భగవంతుణ్ణి పిలిచే పిలుపు కూడా పుకారే. ఆ మాట తెలుగుసీమకు వచ్చేసరికి, పిలిచినవాడెవడో తెలియని పిలుపుగా మారిపోయినది. హిందీ గీతంలోని ‘పుకార్’ను పుకారు అనే తెనిగించిన అనువాదకుడు భక్తుణ్ణి చాడీకోరుగా నిలబెట్టినవాడవుతాడు. హిందీవారు ఈ అర్థంలో వాడేది ‘అఫ్‌వాహ్’. అరబ్బీలో అది ‘నోరు’ అన్న మాటకు బహువచనం. అఫ్‌వాహ్ అంటే నోళ్ళు, అంతే. సంస్కృతం ‘కింవదంతి’ అన్నది. ఏమంటున్నారు అన్న ప్రశ్న అందులోనే ఉన్నది. ‘జనశ్రుతి’ అన్నప్పుడు నోటిని విడిచి చెవిని పట్టుకొన్నది. తెలుగువారి గాలివార్తకు నోరూ లేదు, చెవీ లేదు. ఇన్ని మాటలలో ఎక్కడా కాగితం కనబడదు. నోటికీ చెవికీ నడుమ అచ్చుకాగితం వచ్చి కూర్చున్న తరువాత పుట్టిన వదంతికి మన భాషలు వేరే పేరు పెట్టలేదు. దాని చరిత్ర మాత్రం ఉత్తరదేశపు పత్రికలలోను, హిందీ నవలలలోను చెదరి ఉన్నది.

ఆ చరిత్రకు 1857 మంచి మొదలు. ఆ సంవత్సరం మే నెలలో మీరట్ నుండి సిపాయిలు ఢిల్లీకి వచ్చేనాటికి అక్కడ ‘దెహలీ ఉర్దూ అఖ్‌బార్’ వెలువడుతున్నది. దాని సంపాదకుడు మౌల్వీ ముహమ్మద్ బాకిర్, ‘ఆబె హయాత్’ కర్తగా ఉర్దూ సాహిత్యంలో ప్రసిద్ధికెక్కిన ముహమ్మద్ హుసేన్ ఆజాద్‌కు తండ్రి. సవారులు నగరంలో ప్రవేశించినప్పుడు వారికి ముందుగా ఆడ ఒంటెలపై ఆకుపచ్చని దుస్తుల రౌతులు నడిచినారని, చూస్తూ ఉండగానే మాయమైనారని కొందరు ఒట్టుపెట్టి చెబుతున్నట్లు ఆ పత్రికలో ఒక వార్త వచ్చినది. సంపాదకుడు తాను చూచినానని అనలేదు, అబద్ధమనీ అనలేదు. ఒట్టుపెట్టి చెబుతున్నారన్న ఒక్క క్రియ మీద వార్తనంతా నిలబెట్టినాడు. దీనిని అజ్ఞానమని తీసివేయడం సులభం. కాని ఇది వ్రాయనేర్చిన చెయ్యి. నగరం చేతులు మారుతున్న ఆ దినాలలో చదువరికి కావలసినది ఒంటెల లెక్క కాదు. జరుగుతున్నదానికి దైవం తోడున్నదా లేదా అన్నదే. ఆ ప్రశ్నకు సంపాదకుడు తన నోటితో కాక నగరం నోటితో జవాబిచ్చినాడు. ఢిల్లీ తిరిగి ఆంగ్లేయుల వశమైన తరువాత ఆయన ప్రాణాలు తీసినారు.

వదంతి అన్నంత మాత్రాన అది అబద్ధమే కానక్కరలేదన్నది కూడా ఆ ఏటనే తేలినది. తూటాలకు ఆవు కొవ్వు, పంది కొవ్వు పూసినారన్న మాటను అధికారులు బజారు గప్పాలని కొట్టివేసినారు. పూసినది జంతువుల కొవ్వేనని, అది ఏ జంతువుదో ముందుగా ఎవరూ జాగ్రత్తగా కనుక్కొనలేదని తరువాతి విచారణలో బయటపడినది. అదే బజారులో, అవే నోళ్ళలో, గోధుమపిండిలో ఎముకల పొడి కలిపినారన్న మాట కూడా తిరిగినది. దానికి ఆధారం లేదు. వినేవానికి ఈ రెండింటి తేడా తెలిసే దారి ఏది? సర్కారు రెండింటినీ ఒకే గొంతుతో కాదన్నది. నిజాన్ని కాదన్న గొంతు అబద్ధాన్ని కూడా కాదన్నప్పుడు ఆ రెండవ మాటకు విలువ ఎక్కడినుండి వస్తుంది? వదంతిని గురించి వ్రాసినవారిలో పలువురు జనం తెలివితక్కువతనం దగ్గరనే ఆగిపోయినారు. ఖండించేవాని పరపతి సంగతి వారికి తట్టలేదు.

నోటికీ అచ్చుకూ నడుమ జరిగే ఇచ్చిపుచ్చుకోళ్ళు ఇంతకంటె విపులంగా కనబడే చోటు గోరఖ్‌పూర్, కాలం 1921. ఆ సంవత్సరం ఫిబ్రవరి 8న గాంధీ ఆ పట్టణానికి వచ్చి, నిండా ఒక్క దినమైనా ఉండకుండా వెళ్ళిపోయినాడు. గాజీ మియా మైదానంలో సభ జరిగినది. జనం లక్షకు మించినారని అప్పటి కథనాలు. శ్రోతలలో అక్కడి ప్రభుత్వ నార్మల్ స్కూలు ఉపాధ్యాయుడు ధన్‌పత్ రాయ్, అనగా ప్రేమ్‌చంద్, ఒకడు. కొద్ది రోజులలోనే ఆయన సర్కారు కొలువుకు రాజీనామా ఇచ్చినాడు. హిందీ సాహిత్య చరిత్రలు ఆ సభను ఈ రాజీనామాతో ముడిపెట్టి అక్కడితో విడిచిపెడతాయి. పల్లెలలో ఆ సభ ఏమైనదో వెలికి తీసినవాడు చరిత్రకారుడు షాహిద్ అమీన్. 1984లో ‘సబాల్టర్న్ స్టడీస్’ మూడవ సంపుటంలో ఆయన వ్రాసిన వ్యాసానికి ముడిసరుకు ‘స్వదేశ్’ అనే హిందీ వారపత్రిక. దశరథ్ ప్రసాద్ ద్వివేది దానికి వ్యవస్థాపకుడు, సంపాదకుడు.

‘స్వదేశ్’లో ఆ ఏటి వసంతమంతా మహాత్ముని మహిమలు అచ్చైనవి. ఆయన నిజమైన మహాత్ముడైతే నా చెరకు పానకం కాచే పెనం రెండుగా చీలాలి అన్నవాని పెనం చీలినది. ఇంటి కప్పు లేస్తే నమ్ముతానన్నవాని కప్పు పైకి లేచి, అతడు ఏడ్చి చేతులు జోడించిన తరువాత గాని దిగలేదు. ఎండిన బావిలో నీరు ఊరినది. ఇంకొకచోట బావులనుండి మొగలిపూల వాసన గల పొగ లేచినది. మాంసం, చేప, కల్లు, పొగాకు విడువనన్నవానికి కీడు మూడినది. మహాత్మునికి మ్రొక్కుకున్నవానికి పోయిన వస్తువు దొరికినది. ఇవన్నీ పూర్వం ఊరి దేవతలకు, ఫకీర్లకు, బాబాలకు చెందిన మహిమలే. పేరు మారినది, అంతే. క్రొత్తది మరొకటి ఉన్నది. పత్రికలో ఈ కథకు ఊరి పేరు వచ్చినది, తాలూకా వచ్చినది, కులం వచ్చినది, కొన్నిచోట్ల మనిషి పేరు కూడా వచ్చినది. దారినపోయే మాటకు చిరునామా దొరికినది. ఆ చిరునామాకు వెళ్ళి విచారించేవాడు ఎవడూ ఉండడు. చిరునామా ఉన్నదన్న సంగతే చాలును.

ఈ చోట తెలుగు పాఠకునికి తన భాషలోని ఒక చిన్న ప్రత్యయం జ్ఞప్తికి రావాలి. అది ‘అట’. ‘బావి నుండి పొగ వచ్చిందట’ అన్నవాడు పొగకు పూచీ పడడు. విన్నానన్నదానికి మాత్రమే పూచీ పడతాడు. ఆ ఒక్క అక్షరంలో వినయం ఉన్నది, జాగ్రత్త ఉన్నది, ఎదుటివాడు నమ్మకపోతే నవ్వుతో తప్పించుకొనే సందు కూడా ఉన్నది. హిందీలో ‘కహతే హైఁ’, ‘సునా హై’ అన్నవి ఈ పని చేయగలవు గాని, అవి వాక్యానికి మొదట నిలబడతాయి; కథ సాగుతున్న కొలదీ వెనుకబడిపోతాయి. తెలుగు ‘అట’ ప్రతి క్రియకూ తోకగా అంటి ఉండి ప్రతి వాక్యంలోను హెచ్చరిస్తుంది. నోటిమాట అచ్చులోకి ఎక్కేటప్పుడు మొదట రాలిపోయేది ఇదే. దాని స్థానంలో పత్రికాభాష తన సొంత ముసుగులు తొడుగుతుంది: తెలియవచ్చినది, విశ్వసనీయ వర్గాల కథనం, అభిజ్ఞుల భోగట్టా. ‘అట’ అన్నప్పుడు చెప్పేవాడు తన అజ్ఞానాన్ని ఒప్పుకొంటాడు. ‘తెలియవచ్చినది’ అన్నప్పుడు, పాఠకునికి తెలియనిదేదో తనకు తెలిసినదని అంటాడు. పని ఒకటే, పొగరు వేరు.

గోరఖ్‌పూర్ పల్లెలలో అచ్చు చదవగలవాడు ఊరికి ఒకరో ఇద్దరో. వారు చదవగా విన్నవారు పొరుగూరి సంతకు తీసుకొనిపోతారు. అక్కడ మాట మరల నోటిమాటే. కాని ఈసారి ‘పత్రికలో పడినది’ అన్న సాక్ష్యంతో తిరుగుతున్నది. పల్లె నోట పుట్టినదానిని పత్రిక తీసుకొని, ముద్ర వేసి, పల్లెకే తిరిగి ఇచ్చినది. పత్రిక పుట్టించినదా, ప్రజ పుట్టించినదా అని అడిగేవారు ఈ చక్రాన్ని ఒకచోట కోసి చూడబోతున్నారు. అది కోతకు లొంగదు.

అమీన్ వ్యాసంలో అన్నిటికంటె విలువైన గమనిక ఇంకొకటి. మహిమలను అచ్చువేయడానికి ‘స్వదేశ్’ వెనుదీయలేదు. మహాత్ముని పట్ల జిల్లాలో భక్తి కలగాలని సంపాదకుడు కోరినాడు. పెనం చీలడం వలన కోరిక నెరవేరుతున్నది. కాని అదే మహాత్ముని పేర మరికొన్ని మాటలు కూడా పల్లెలలో తిరుగుతున్నవి. జమీందారీ పోతుందని, శిస్తు తగ్గుతుందని, బజారులో సరుకు న్యాయమైన ధరకే అమ్మాలని మహాత్ముడు చెప్పినాడని. ఈ మాటలు వచ్చినప్పుడు మాత్రం పత్రిక వెంటనే మేలుకొన్నది. ఇవి నిరాధారములు, మహాత్ముడు ఇటువంటి ఆజ్ఞలు ఇవ్వలేదు అని ఖండించినది. కప్పు లేచినదన్నదానికి అడగని ఆధారం, శిస్తు తగ్గుతుందన్నదానికి అడిగినది.

ఒక మాటను భక్తి అని, ఇంకొక మాటను పుకారు అని వేరుచేసిన ఈ జల్లెడ ఎవరిది? సంపాదకుడు చెడ్డవాడు కాడు. జాతీయోద్యమం కోసం కష్టాలు పడినవాడు. ఆయన పత్రిక 1924లో ‘ఉగ్ర’ సంపాదకత్వంలో వెలువరించిన విజయ సంచికను ప్రభుత్వం నిషేధించినది, దాని కారణంగా ఉగ్ర చెరసాల పాలైనాడు. అయినను ఆ జల్లెడ కన్నాల కొలత మాత్రం జమీందారీ జిల్లాలోని చదువుకున్న మర్యాదస్థుని కొలత. పేదవాని కోరిక మహిమ రూపంలో వస్తే అందులో నుండి జారి క్రింద పడినది. లెక్క రూపంలో వస్తే పైనే నిలిచిపోయినది.

ఆ లెక్క ఎంత స్పష్టమైనదో చూపే సంగతి ‘స్వదేశ్’కు విరోధి అయిన ‘జ్ఞానశక్తి’ అనే మాసపత్రికలో దొరుకుతున్నది. గోరఖ్‌పూర్‌లోనే వెలువడిన ఆ పత్రిక ప్రభుత్వ పక్షం. ఊళ్ళలో రాత్రులందు డప్పులు, తాళాలు మ్రోగిస్తూ జనం తిరిగినారని, దానికి స్వరాజ్య డంకా అని పేరు పెట్టినారని అది ఎగతాళిగా వ్రాసినది. అగ్నిలో నుండి కాలకుండా బయటికి వస్తే స్వరాజ్యం ఇస్తామని ఆంగ్లేయుడు పందెం కట్టగా, మహాత్ముడు దూడ తోక పట్టుకొని మంట దాటినాడని ఆ డంకా చాటినదట. ఇకమీద బిగాకు నాలుగణాలో ఎనిమిదణాలో ఇస్తే చాలునని కూడా చాటినదట. దూడ తోకను చూచి నవ్వుకొన్న ఆ పత్రిక బిగాకు నాలుగణాల వద్ద నవ్వలేదు. అక్కడ దాని గొంతులో భయం వినబడుతున్నది. స్వరాజ్యమన్న మాటకు నాయకులు ఇంకా అర్థం చెప్పకముందే ఆ జనం దానికి రూపాయి అణాలలో అర్థం కట్టినారు. విరోధి పత్రిక వ్రాసినందువలననే ఆ సంగతి మిగిలినది. అభిమాన పత్రిక చేతులలో పడి ఉంటే ఖండనలో మునిగిపోయి ఉండేది.

అమీన్ పరిశీలనకు ఒక పరిమితి ఉన్నది. ఆయన చదివినవన్నీ అచ్చులో మిగిలినవి. వాటిలో నుండి రైతు మనసును చదువబోయినప్పుడు, నడుమ నిలిచిన సంపాదకుని కలం ఎప్పుడూ అడ్డు వస్తూనే ఉంటుంది. పెనం చీలినదని చెప్పినవాడు నవ్వుతూ చెప్పినాడా, వణుకుతూ చెప్పినాడా, పొరుగువానిని ఏడిపించడానికి చెప్పినాడా? రాలిపోయిన ‘అట’ను చరిత్రకారుడు తిరిగి అతికించలేడు. అమీన్‌కు ఈ సంగతి తెలియక కాదు. తరువాత ఆయన చౌరీచౌరా మీద 1995లో ప్రకటించిన గ్రంథం కోసం ఆ ఊళ్ళలోకే పోయి ముసలివారి జ్ఞాపకాలను విని వ్రాసుకొన్నాడు. గాంధీ రైలు గోరఖ్‌పూర్‌కు వెళ్ళిన దారిలోనే చౌరీచౌరా ఉన్నది. దాదాపు ఒక సంవత్సరానికి, 1922 ఫిబ్రవరి 4న, గాంధీకి జయజయకారాలు చేసిన జనమే అక్కడి ఠాణాను పోలీసులతో సహా తగులబెట్టినది. గాంధీ దానిని ‘యంగ్ ఇండియా’లో నేరమన్నాడు, ఉద్యమాన్ని నిలిపివేసినాడు. సెషన్సు కోర్టు 172 మందికి ఉరిశిక్ష వేయగా, చివరకు 19 మందిని ఉరితీసినారు. వారికి తెలిసిన గాంధీ ఎవరు? మైదానంలో దూరంనుండి కనబడిన మనిషి కంటె, సంతలో విన్న మహాత్ముడే వారికి దగ్గరివాడు.

ఒకరి నోటి నుండి మరొకరికి పొమ్మని మాటను తరిమే పద్ధతి ఇంకా పాతది. 1917లో బీహారులోని షాహాబాదు జిల్లాలో గోరక్షణ పేర అల్లర్లు రేగినప్పుడు ‘పతియా’లనే చేతివ్రాత చీటీలు ఊరూరా తిరిగినవి. చీటీ అందినవాడు దానికి నకళ్ళు తీసి తక్కిన ఊళ్ళకు పంపాలి, పంపనివానికి గోహత్యాపాతకం. గొలుసు ఉత్తరాలు అందుకొని భయపడిన తెలుగు ఇళ్ళకు ఈ బెదిరింపు క్రొత్త కాదు. నూరేళ్ళ తరువాత, 2018లో, పిల్లలను ఎత్తుకొనిపోయే ముఠాలు దిగినవన్న మాట వాట్సాప్‌లో తిరిగినది. ఆ మే నెలలో తెలంగాణ జిల్లాలలో, హైదరాబాదు నగరంలో కూడా, దానిని నమ్మిన గుంపులు అమాయకులను కొట్టి చంపినవి. జూలై 1న మహారాష్ట్రలో ధూళే జిల్లా రైన్‌పాడా గ్రామంలో, భిక్షకు వచ్చిన సంచారజాతివారు అయిదుగురు బలియైనారు. ఆ నెలలోనే వాట్సాప్ సంస్థ భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చోట్లకు మించి పంపరాదని కట్టడి చేసినది. పూర్వం పంపకపోవడం పాపం. ఇప్పుడు ఎక్కువమందికి పంపడం నిషిద్ధం. పత్రిక చేతిలోని జల్లెడ ఇక్కడ యంత్రం చేతికి పోయినది. యంత్రానికి మాట ఏమిటో తెలియదు. ఎందరికి పోతున్నదో మాత్రమే తెలుసును.

చరిత్రకారునికి అందని ‘అట’ కథకునికి అందగలదు. ప్రేమ్‌చంద్ ‘ప్రేమాశ్రమ్’ ఇందుకు తొలి ఉదాహరణ. 1922లో అచ్చైన ఆ నవలలో, గోరఖ్‌పూర్ సభకు ముందే వ్రాసిన భాగాలలో, బల్‌రాజ్ అనే యువకుడైన రైతు ఉన్నాడు. తన దగ్గరకు వచ్చే పత్రికలో చదివినానంటూ అతడు రష్యాలో రైతులదే రాజ్యమని, అక్కడికి దగ్గరనే ఉన్న బల్గేరియాలో కూడా రాజును దించివేసినారని ఊరివారికి చెబుతాడు. పెద్దవారు అతని మాటను పరిహాసంలోకి దించుతారు. ప్రేమ్‌చంద్ వారిని నమ్మించలేదు, బల్‌రాజ్‌ను అబద్ధాలకోరును చేయలేదు. లఖన్‌పూర్ అనే ఆ చిన్న ఊరిలో బల్గేరియా ఎక్కడున్నదో తెలిసినవాడు లేడు; కాని ఆ సాయంత్రం తరువాత జమీందారు మనుషులను ఆ యువకుడు చూచే చూపు మారినది. వార్త అబద్ధమో నిజమో కాక, అది తగిలిన మనిషి ఏమైనాడన్నదే అక్కడ కథ. ఇంత తేలికగా ఇంత బరువును ఎత్తిన ఘట్టం తరువాతి హిందీ నవలలలో అరుదు.

జనం భయపడినందువలన పుకారు పుడుతుందా, పుకారు వలన భయపడతారా అన్న విచారణ 1934 బీహారు భూకంపం తరువాత శాస్త్రంగానే సాగినది. ఆ జనవరి 15 తరువాత పాట్నాలో తిరిగిన మాటలను జమునా ప్రసాద్ సేకరించి మరుసటి ఏడు ప్రకటించినాడు. గంగలో నీరు మాయమైనదని, చంద్రగ్రహణం నాడు ఇంకా పెద్ద భూకంపం వస్తుందని జనం చెప్పుకొన్నారు. చిత్రమేమంటే, ఇటువంటి మాటలు ఇండ్లు కూలని చోట్ల కూడా పుట్టినవి. భూమి కదలగా భయం కలిగినది; చూస్తే ఎదుట నష్టం లేదు; కలిగిన భయానికి కారణం కావలసి వచ్చినది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఫెస్టింజర్ 1957లో తన సిద్ధాంతానికి దీనినే ఒక ఆధారంగా చేసుకొన్నాడు. అస్పృశ్యతాపాపానికి ఆ భూకంపం శిక్ష అని గాంధీ అన్నప్పుడు రవీంద్రనాథుడు అభ్యంతరం చెప్పగా, గాంధీ దానిని తన ‘హరిజన్’లోనే అచ్చువేసి జవాబిచ్చినాడు. తన మాటను కాదన్న మాటకు తన పత్రికలోనే చోటిచ్చిన ఆ సంపాదకత్వం నేటికీ చాల పత్రికలకు అలవడలేదు.

యశ్‌పాల్ ‘ఝూఠా సచ్’ ఈ విషయానికి పెద్ద అద్దం. పేరును తెనిగించడమే కష్టం. ‘అబద్ధపు నిజం’ అంటే పదాలు వచ్చినవి గాని పోటు రాలేదు. 1958లో, 1960లో రెండు భాగాలుగా వచ్చిన ఈ నవల లాహోరులోని భోలా పాంధే గల్లీతో మొదలై విభజన మీదుగా ఢిల్లీ వరకు సాగుతున్నది. నాయకుడు జయదేవ్ పురీ పత్రికారచయిత. యశ్‌పాల్ స్వయంగా లక్నోలో ‘విప్లవ్’ నడిపినవాడు గనుక పత్రికా కార్యాలయం లోపలి గాలి ఆయనకు ఎరుక. యజమాని మొగం చూచి శీర్షిక పెట్టడం, చచ్చినవాని మతం చూచి అక్షరాల లావు నిర్ణయించడం, ఇవేవీ ఆయనకు ఒకరు చెప్పవలసినవి కావు. లాహోరులో పురీ తన వ్రాత కారణంగానే కొలువు పోగొట్టుకొంటాడు. జలంధరులో సూద్‌జీ అనే కాంగ్రెసు నాయకుని అండతో ‘నాజిర్’ అనే వారపత్రికకు అధిపతి అవుతాడు. కొలువు పోయిననాడు నిజం వ్రాసినవాడు, పత్రిక చేతికి వచ్చిననాడు ఏ నిజం తనకు పనికివస్తుందో లెక్కవేయడం నేర్చుకొంటాడు. ఈ పతనాన్ని యశ్‌పాల్ ఒక్క పేజీలో కూడా గట్టిగా అరచి చెప్పలేదు.

అయినను నవలలోని అతి క్రూరమైన పుకారు ఏ పత్రికలోను అచ్చు కాలేదు. పురీ చెల్లెలు తారా పెళ్ళి జరిగిన రాత్రే భర్త చేతిలో దెబ్బలు తిని, అల్లరిమూక ఇంటిమీద పడినప్పుడు పారిపోయి, దుర్మార్గుల చేతులలో పడుతుంది. మంటలలో కాలిపోయినదని అత్తవారు చెబుతారు. పుట్టినింటివారు ఏడ్చి నమ్ముతారు. పారిపోయిన కోడలు పరువుతక్కువ. చనిపోయిన కోడలు గౌరవం. ఆ అబద్ధంలో రెండు ఇండ్లకూ లాభం ఉన్నది, అందుచేత అది నిజంగా చెలామణి అయినది. తారా తన బ్రతుకును తాను తిరిగి కట్టుకొన్న తరువాత, ఆ పాత సంగతినే ఆమెమీద ఆయుధంగా ఎత్తడానికి ఆమె అన్న వెనుకాడడు. పత్రికల అబద్ధాలను గురించి వేలకొలది వాక్యాలు వ్రాసిన యశ్‌పాల్ ఈ ఇంటి అబద్ధం వద్దనే అన్నిటికంటె లోతుకు పోయినాడు. నవల నడుమ మంత్రివర్గాల రాకపోకలు, తీర్మానాలు, తేదీలు పాత పత్రికల కట్ట విప్పినట్లు కొన్నిచోట్ల పేరుకొని ఉంటాయి. ఆ పేజీలను వేగంగా తిప్పే పాఠకుణ్ణి తప్పుపట్టలేము. తారా కనబడగానే ఆ చేయి ఆగుతుంది.

భీష్మ సాహనీ ఇంకొక త్రోవ పట్టినాడు. 1947లో రావల్పిండిలో తాను చూచినదానిని, 1970లో భివండీ అల్లర్ల తరువాత ఆ ఊరికి వెళ్ళివచ్చిన మీదట గాని ఆయన వ్రాయలేదు. ‘తమస్’ 1973లో వెలువడినది, 1975లో సాహిత్య అకాడెమీ బహుమానం పొందినది. మొదటి అధ్యాయంలోనే చర్మకారుడు నత్థూ పందిని చంపడానికి పడే అవస్థను పాఠకుడు దగ్గరనుండి చూస్తాడు. పశువుల డాక్టరుకు కావాలని చెప్పి, అయిదు రూపాయలిచ్చి ఆ పని చేయించినవాడు మురాద్ అలీ. తెల్లవారేసరికి పంది కళేబరం మసీదు మెట్ల మీద ఉంటుంది. ఊరంతటికీ తెలియనిది పాఠకునికి ముందే తెలుసును. తరువాత వచ్చే ప్రతి మాట, ప్రతి ఊహ, ప్రతి ప్రతీకారం ఎంత గాలిలో కట్టినదో అతనికి కనబడుతూ ఉంటుంది. కాని పుస్తకంలోకి దిగి చెప్పలేడు. యశ్‌పాల్ పాఠకుణ్ణి గల్లీ లోపల నిలిపి, వచ్చిన పుకారును నమ్మాలో లేదో తెలియని స్థితిలో ఉంచినాడు. సాహనీ నిజాన్ని చేతిలో పెట్టి నోరు కట్టివేసినాడు. ఈ రెండవది ఎక్కువ బాధ. నత్థూ సైతం తాను చంపిన పంది అది కాదేమోనని తనకు తాను నచ్చజెప్పుకోజూస్తాడు. నిజం తెలిసిన ఒకే ఒక్క పేదవానికి కూడా అబద్ధమే ఆశ్రయమైనది.

ఆ నవలలో గుసగుసలన్నీ చంపేవి కావు. ఒక పల్లెలో టీ దుకాణం నడుపుకొనే ముసలి సిక్కు హర్నామ్ సింగ్‌ను, అతని భార్యను, ఊరు విడిచిపొమ్మని కరీమ్ ఖాన్ హెచ్చరిస్తాడు. ఆ మాటకు ఆధారం అడిగి కూర్చుని ఉంటే వారు మిగిలేవారు కారు. పుకార్లను ఖండించే ప్రకటనలు వ్రాసేవారు ఈ ఘట్టాన్ని ఒకసారి చదవడం మంచిది.

1988లో గోవింద్ నిహలానీ ‘తమస్’ను దూరదర్శన్‌కు ఎక్కించినప్పుడు, దానివలన అల్లర్లు రేగుతాయని కొందరు కోర్టుకు పోయినారు. సుప్రీంకోర్టు వారి వాదాన్ని త్రోసిపుచ్చినది. పుకారు ఎట్లా పుడుతుందో చూపిన కథ మీద, అది అల్లర్లు పుట్టిస్తుందన్న పుకారు పుట్టినది.

నవల చివర అల్లర్లు చల్లారిన తరువాత సహాయకేంద్రంలో ఒక గుమాస్తా కూర్చుంటాడు. వచ్చినవారు తమ కథ మొదలుపెడతారు. అతడు ఆపుతాడు, తనకు అంకెలు కావాలి, అంకెలు మాత్రమే కావాలి. ఎందరు చనిపోయినారు, ఎందరికి గాయాలు, ఎంత ఆస్తి. మారు ప్రశ్న వేయకుండా ప్రతి కథనూ నమ్మిన ఊరు ఇప్పుడు ఏ కథనూ వినదు. వీధిలో శాంతి సంఘం బస్సు బయలుదేరుతుంది. దానిలో డ్రైవరు ప్రక్కన కూర్చుని లౌడ్‌స్పీకరులో హిందూ ముస్లిం ఐక్యతను చాటుతున్నవాడు మురాద్ అలీ. అతణ్ణి చూచి గుర్తుపట్టగలిగినవాడు నత్థూ ఒక్కడే, నత్థూ అప్పటికి చనిపోయి ఉన్నాడు.